ముందు ఏ పుస్తకం ఇవ్వాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో వచ్చే పుస్తక సమీక్షల పేజీని నేను ఏళ్ల తరబడి వదలకుండా చదువుతున్నాను. ఆ పేజీ అడుగున ప్రతి వారమూ ఒక సూచన కనిపిస్తుంది: సమీక్షకు రెండు ప్రతులు పంపాలి అని. న్యాయమైన నియమమే. కానీ దానివల్ల, రెండు ప్రతులు పంపే మనిషి ఉన్న పుస్తకానికే ఆ పేజీలో చోటు దొరుకుతోంది. రచయిత కాలం చేసి నలభై ఏళ్లయిన పుస్తకానికీ, వేసిన ప్రచురణ సంస్థే మూతపడిపోయిన పుస్తకానికీ, గ్రంథాలయం బీరువాలో వెనుక వరుసకు చేరిపోయిన పుస్తకానికీ ఆ రెండు ప్రతులు పంపేవారెవరు? వాటి తరఫున మాట్లాడగలిగినవాళ్లు వాటిని చదివి ఇష్టపడిన పాఠకులే.

అందుచేత నా మనవి ఇది. వారానికి ఒకసారి, సమీక్షల పేజీలోనే ఒక మూల, పాఠకులు తమకు ఇష్టమైన రచయితను సాటి పాఠకులకు పరిచయం చేయడానికి కొద్దిపాటి స్థలం కేటాయించండి. దానికి ఒక్క షరతు పెట్టండి. ఫలానా రచయిత గొప్పవాడు అని రాస్తే సరిపోదు. ఆ రచయిత పుస్తకాల్లో దేన్ని ముందు చదవాలో, ఎటువంటి పాఠకుడి చేతికి దాన్ని ఇవ్వాలో రాయాలి. ఈ షరతు మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో వివరించడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగయింది. మన్నించి పూర్తిగా చదవమని కోరుతున్నాను.

నేను గుంటూరు జిల్లాలో, ఎక్కువ కాలం తెనాలి చుట్టుపక్కల శాఖా గ్రంథాలయాల్లో, 29 సంవత్సరాలు గ్రంథపాలకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. శాఖా గ్రంథాలయం సంగతి మీకు తెలియనిది కాదు. ఉదయం తలుపు తీయగానే పత్రికల కోసం పెద్దవాళ్లు వస్తారు. కాస్త పొద్దెక్కాక పోటీ పరీక్షలకు తయారవుతున్న పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని, మన బల్ల, మన ఫ్యాను వాడుకుని సాయంత్రం దాకా చదువుకుంటారు. వాళ్లను నేను ఏనాడూ తక్కువగా చూడలేదు. అంతమంది ఒక్కచోట నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఆ ఊళ్లో మరొకటి లేదు. అయితే బీరువాల దాకా వచ్చేవాళ్లు రోజుకు నలుగురైదుగురే. ఆ నలుగురిలోనూ ఇద్దరు తమకు తెలిసిన పేరే మళ్లీ అడుగుతారు. మిగిలినవారు నా బల్ల దగ్గర నిలబడి, ‘ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి మేడమ్‌గారూ’ అంటారు. నా ఉద్యోగం మొత్తం మీద నన్ను కష్టపెట్టిన ప్రశ్న అదొక్కటే. రిజిస్టర్లూ, ఏటా స్టాకు తనిఖీలూ, పోయిన పుస్తకాల లెక్కలూ కొంత అలవాటయ్యాక చేతికి వచ్చేశాయి. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం మనిషి మనిషికీ మారేది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, డిగ్రీ చదివే ఒక అబ్బాయి వచ్చి తెలుగులో అందరికంటే గొప్ప నవల ఇవ్వమన్నాడు. నేను ఏమీ ఆలోచించకుండా విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ తీసి ఇచ్చాను. తెలుగుకు తొలి జ్ఞానపీఠం 1970కి గాను తెచ్చిన రచయిత, పి.వి. నరసింహారావుగారంతటివారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించిన నవల. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ అబ్బాయి పది రోజుల తరువాత పుస్తకం బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత గ్రంథాలయంలో కనిపించలేదు. దాదాపు వెయ్యి పేజీల పుస్తకం, సుబ్బన్నపేట చరిత్రతో, దేవుడి కలలతో, తరాల కథతో మొదలయ్యే పుస్తకం, అంతకుముందు వారపత్రిక సీరియల్ తప్ప చదవని కుర్రవాడి చేతిలో పెట్టాను. తప్పు విశ్వనాథవారిది కాదు, ఆ పిల్లవాడిదీ కాదు. అతనికి ‘ఏకవీర’ ఇచ్చి ఉండవలసింది. మధుర నాయకుల కాలంలో ఇద్దరు స్నేహితుల కథ, చిన్న నవల, ఒకటి రెండు విడతల్లో అయిపోతుంది. చదివినవాడికి విశ్వనాథవారి వాక్యం రుచి తెలుస్తుంది. రుచి తెలిసినవాడు ‘వేయిపడగలు’లోని ధర్మారావునూ, పసరికనూ, గిరికనూ వెతుక్కుంటూ తనంత తానే పెద్ద పుస్తకం దగ్గరికి వస్తాడు. ఆ తరువాత నేను ‘ఏకవీర’ను ముందు ఇచ్చిన చాలామంది అలాగే వచ్చారు. ఆ మొదటి అబ్బాయి మాత్రం రాలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రతి పెద్ద రచయితకూ ఒక గుమ్మం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ గుమ్మం చాలాసార్లు ఆయన పేరు చెప్పగానే అందరూ తలుచుకునే పుస్తకం కాదు. పాఠ్యపుస్తకాలూ, సాహిత్య చరిత్రలూ, పురస్కారాల జాబితాలూ మనకు శిఖరాలను చూపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది మాత్రం ఆ దారిన నడిచివచ్చిన మరో పాఠకుడే.

కాళీపట్నం రామారావు మాస్టారి సంగతి చూడండి. ‘యజ్ఞం’ తెలుగు కథల్లో ఎంతో చర్చ జరిగిన కథ. ఆయనకు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన సంపుటి పేరే ‘యజ్ఞంతో తొమ్మిది’. అందరూ అదే చదవమంటారు. అది దీర్ఘమైన కథ, సుందరపాలెం పంచాయతీలో అప్పు లెక్కల చుట్టూ, ఒక ఊరి ఆర్థిక చరిత్ర చుట్టూ నిదానంగా నడిచి, చివరికి గుండె ఆగిపోయేంత పని చేసే కథ. ఆ నిదానాన్ని భరించగలిగిన పాఠకుడికే ఆ చివర అందుతుంది. మా గ్రంథాలయంలో నేను ‘జీవధార’ ముందు చదవమనేదాన్ని. నీళ్ల కోసం పేటవాళ్లు పడే అవస్థ ఆ కథ. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడిన ఏ ఆడమనిషికైనా దాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ కథ చదివి పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఒకామె, ఇవి మన సంగతులే కదండీ, పుస్తకాల్లో కూడా రాస్తారా అని అడిగింది. ఆమె చేతికి అప్పుడు ‘యజ్ఞం’ ఇచ్చాను. ఇంకొక మాట: మాస్టారు తన కథలు రాసి ఊరుకోలేదు, తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. 2021లో ఆయన వెళ్లిపోయారు. ఆ ఇల్లు నిలిచి ఉంది. అటువైపు వెళ్లే పాఠకులు ఒకసారి చూసి రావాలని నా కోరిక.

చాగంటి సోమయాజులుగారి విషయంలో గుమ్మం వెతుక్కోనక్కరలేదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కొద్ది పేజీల కథ. ఫీజు కట్టలేక బడి మానిపించిన పిల్లవాడు, చుట్టలు కొనుక్కురమ్మని తండ్రి పంపితే, బడి దగ్గర ఆగిపోతాడు. ఇంతకంటే చెప్పను. ఆ పేరులో ఉన్న మాట కథలో ఎక్కడ వస్తుందో అక్కడ కళ్లు చెమర్చని పాఠకుణ్ని నేను చూడలేదు. దీన్ని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకూ, వాళ్ల తండ్రులకూ ఒకేసారి ఇవ్వాలి. మా ఊళ్లో ఒక రైతు తన కొడుకు కోసం తీసుకెళ్లి, ముందు తానే చదివి, రెండో వారం గడువు పొడిగించమని వచ్చాడు. తరువాత ‘వాయులీనం’ చదవమన్నాను. అది భార్యాభర్తల మధ్య ఒక వాయిద్యం కథ. పెళ్లయి కొన్నేళ్లు గడిచినవాళ్లకు బాగా తెలుస్తుంది.

నేను అందరికంటే ఎక్కువసార్లు చేతిలో పెట్టిన పుస్తకం డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’. దీని గురించి కాస్త విస్తారంగా రాయనివ్వండి. నాకు కథలూ నవలలూ పట్టవండీ అని చెప్పే మగపిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు ఓపిక లేక కాదు. క్రికెట్ ఆట రోజంతా చూడగలిగిన పిల్లలకు ఓపిక లేదని ఎలా అంటాం? పుస్తకం మొదటి పదిహేను పేజీల్లో వాళ్లకు ఏమీ జరగదు, అందువల్ల విసుగు. ఈ నవలలో మొదటి పేజీలోనే ఒక ముసలివాడు తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. నవల మొత్తం ఒక్క రాత్రి కథ. చీకటి, అడవి, ఆ పంది, ఆ ముసలివాడు. అతనికి పేరు కూడా లేదు. పందులు మేపుకునే మనిషి మన నవలల్లో నాయకుడు కావడం అరుదు. కేశవరెడ్డిగారు అతన్ని నడిమధ్యన నిలబెట్టి, అడవితో అతని తగాదాను పురాణపురుషుడి యుద్ధమంత గౌరవంతో రాశారు. రాసిన మనిషి చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యుడిగా జీవితకాలం పనిచేశారని చెబితే పిల్లలు ఇంకా శ్రద్ధగా చూసేవారు. 2015లో ఆయన చనిపోయినప్పుడు నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఆ పుస్తకం వెనుక అట్టకు అంటించిన తేదీ చీటీ అప్పటికి మూడుసార్లు నిండిపోయింది. ఈ పుస్తకంతో మొదలుపెట్టిన పిల్లల్లో ఒకడు ఆ తరువాత ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘మునెమ్మ’ వరుసగా అడిగి తీసుకుని, ఆఖరికి నేను చదవని పుస్తకాల పేర్లు నాకే చెప్పే స్థితికి వచ్చాడు. ఒక గ్రంథపాలకురాలికి అంతకన్నా ఏం కావాలి?

కొడవటిగంటి కుటుంబరావుగారు మా తెనాలివారు. 1909లో పుట్టారు. ‘చందమామ’ను 1952 నుంచి 1980లో తుదిశ్వాస విడిచేదాకా తీర్చిదిద్దినది ఆయనే అని చెబితే, నడివయసు పాఠకులు ఆశ్చర్యపడతారు, తమ చిన్నతనం మొత్తం ఒక మనిషి వాక్యాల్లో గడిచిందని వాళ్లకు తెలియదు. ‘చందమామ’ చదివి పెరిగినవారందరూ నిజానికి ఆయన గుమ్మం ఎప్పుడో దాటేశారు. వాళ్లకు నేరుగా ‘చదువు’ ఇవ్వవచ్చు. ముఖ్యంగా ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాళ్లకు ఇవ్వాలి. సుందరం అనే పిల్లవాడికి అక్షరాలు దిద్దించడంతో మొదలై, ఆ చదువు అతన్ని ఎక్కడికి చేర్చిందో, ఎక్కడికి చేర్చలేకపోయిందో చెప్పే నవల అది. బడిలో నిలబడి పాఠం చెప్పబోయే మనిషికి ఏ శిక్షణ కళాశాలా ఇవ్వలేని పాఠం అందులో ఉంది.

వకీలుగా పనిచేసిన రావిశాస్త్రిగారిని న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ‘ఆరు సారా కథలు’తో ఇవ్వండి. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారిని ‘గులాబీ అత్తరు’తో మొదలుపెట్టించండి, రాజదర్శనం కోసం ఎదురుచూసే ఆ అత్తరు పనివాడి కథ చదివాక చదరంగం చుట్టూ అల్లిన ‘వడ్లగింజలు’ ఎంత పొడుగైనా ఎవరూ వెనక్కి ఇవ్వరు. గోదావరి మాటతీరు చెవికి అలవాటయ్యాక ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ దానంతట అదే నడుస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ విషయంలో మాత్రం దగ్గరి దారి ఏదీ నాకు కనిపించలేదు. రాయవేలూరు జైలులో కూర్చుని రాసిన ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని ముందుగా చెబితే, అందులో అంత భయపెట్టినది ఏముందో చూడాలనే కోరికతోనైనా కొందరు చదువుతారు. ఆ కోరికను వాడుకోవడంలో తప్పు లేదు.

ఇళ్లలో ఉండే ఆడవాళ్ల గురించి వేరుగా రాయాలి. మా సభ్యుల్లో నమ్మకంగా వారం వారం పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు వాళ్లే. వాళ్లకు నవలలు చదివే అలవాటు ఉంది. వారపత్రికలు ఇచ్చిన అలవాటు అది, గొప్ప అలవాటు. సీరియల్ నవలలు చదివేవాళ్లను చిన్నచూపు చూసే సాహిత్యాభిమానులంటే నాకు బొత్తిగా ఇష్టం ఉండదు. ఆ అలవాటు ఉన్న చేతికి పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ ఇచ్చి చూడండి. ఇల్లు అలికి, ముగ్గులు వేసి, అందరికీ అన్నీ అమర్చిన ఒక గృహిణి ఒకనాడు తన పేరు మరిచిపోతుంది. పేరు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పది నిమిషాల కథ. నా దగ్గర ఆ పుస్తకం తీసుకున్న ఒకామెను సభ్యత్వ రిజిస్టరులో ఎప్పుడూ భర్త ఇంటిపేరు, ఫలానావారి భార్య అని రాసుకునేవాళ్లం. పుస్తకం తిరిగి ఇస్తూ ఆమె, రిజిస్టరులో నా పేరు నా పేరుగా రాయండి అన్నది. అప్పటినుంచి నేను ఏ సభ్యురాలి పేరూ మరోలా రాయలేదు. ఆ తరువాత ఆమె అబ్బూరి ఛాయాదేవిగారి ‘తన మార్గం’ కథలు, ఓల్గాగారి ‘విముక్త’ కథలు తీసుకెళ్లింది. మొదటిది నేను చెప్పాను. రెండోది తానే వెతుక్కుంది.

పాఠకులు పాఠకులకు పుస్తకాలు చెప్పడం మన భాషలో కొత్తది కాదు. మాలతీ చందూర్ గారు ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద ఎన్నేళ్లపాటు ఇంగ్లీషు నవలలను పరిచయం చేశారో మీ పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆవిడ తీర్పులు చెప్పేవారు కారు. పెరట్లో కూర్చుని ఇరుగమ్మకు చెప్పినట్లు కథ చెప్పి, ఆ రచయిత ఎవరో, ఎలా బతికారో రెండు ముక్కలు కలిపేవారు. ఇంగ్లీషు రాని మా అమ్మకు ప్రపంచ నవలల్లోని మనుషులు పేరుపేరునా తెలుసు. ఆ చలవ పూర్తిగా ఆ శీర్షికదే. తెలుగు పుస్తకాలకు అటువంటి శీర్షిక ఇప్పుడు మీ పత్రికలో ఎందుకు ఉండకూడదని నా ప్రశ్న.

అంతకుముందు తరంలో మనుషులు పుస్తకాన్ని మోసుకుని పాఠకుడి దగ్గరికే వెళ్లారు. మా ప్రాంతంలో, 1930లలో, పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లిపర ప్రాంతంలో కాలువగట్టు ఊళ్లవాళ్లు పడవ కోసం ఎదురుచూసి పుస్తకాలు మార్చుకునేవారట. నేను పనిచేసిన ఊళ్లు ఆ కాలువ పక్కవే కావడం వల్ల ఆ ముచ్చట నాకు మరీ ఇష్టం. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామిగారు వంటపని చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, సొంతంగా చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఆ పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి చదివించారు. ‘ప్రజల మనిషి’ నవల రాసిన చేతులే ఆ పుస్తకాల మూటనూ మోశాయి. దాశరథి కృష్ణమాచార్యులుగారు తమ ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు.

పత్రిక పూనుకుంటే ఏమవుతుందో చూపించినది సురవరం ప్రతాపరెడ్డిగారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు అసలు లేరన్న మాటకు జవాబుగా ఆయన ‘గోలకొండ పత్రిక’ తరఫున ఊళ్లనుంచి పద్యాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఎక్కడెక్కడో పల్లెల్లో, ఎవరికీ తెలియకుండా రాసుకుంటున్నవాళ్లు ఒక సంపాదకుడు అడగగానే ఒక్కచోట చేరారు. ఈనాడు రాసేవారికి కొదవ లేదు. ఆనాడు ఆయన కవుల కోసం చేసిన పనిని ఈనాడు ఒక పత్రిక పాఠకుల కోసం చేయాలి. ఎక్కడెక్కడో ఎవరికీ తెలియకుండా చదువుకుంటున్నవాళ్లు మీరు అడిగితే రాస్తారు.

అన్నీ అంతర్జాలంలో దొరుకుతున్నాయి కదా, ఇంకా ఈ చెప్పుకోవడాలు ఎందుకు అని కొందరు అనవచ్చు. దొరుకుతున్న మాట నిజం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో పాత తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ అయ్యాయి. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు అక్కడినుంచే వాటిని దించుకుని చదువుతాడు. అయితే వాడు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది, ‘ఇన్ని ఉన్నాయి అత్తా, ఏది తెరవమంటావు?’ అనే. మా గ్రంథాలయంలో బల్ల దగ్గర నిలబడి అడిగినవాళ్ల ప్రశ్నే అది. సమగ్ర రచనల సంపుటాలూ ఇటువంటివే. ఒక రచయిత రాసినదంతా ఒక్కచోట భద్రపరుస్తున్న సంస్థలకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. కానీ వెయ్యి పేజీల సంపుటం ఇంట్లో అలమరాకు అందం, కొత్త పాఠకుడికి భయం. ఆ సంపుటం కొన్నవారు అందులో ఏ కథ దగ్గర మొదలుపెట్టాలో ఒక చీటీ పెట్టి స్నేహితుడికి ఇస్తే, ఆ చీటీ విలువ చిన్నది కాదు.

మీరు ఈ శీర్షిక మొదలుపెడితే, రెండు రాష్ట్రాల పాఠకులూ ఒకరి పుస్తకాలు ఒకరికి చెప్పుకోవాలని నా ఆశ. మా జిల్లా పాఠకులకు దాశరథి రంగాచార్యగారి ‘చిల్లర దేవుళ్లు’ ఇచ్చినప్పుడు, దొరల కాలం మాటలూ ఉర్దూ మాటలూ తెలియక మొదటి ప్రకరణాల్లోనే ఆగిపోయినవాళ్లను చూశాను. నిజాం పాలనలో పల్లె ఎలా ఉండేదో మా వైపు పాఠకుడికి అంత దగ్గరగా చూపించే నవల మరొకటి నాకు తెలియదు. అది మాట తెలియక ఆగిపోవడం నాకు నచ్చలేదు. వరంగల్లునుంచి ఒక పాఠకుడు ఆ నవలను పరిచయం చేస్తూ పది మాటలకు అర్థం రాసిపెడితే మావాళ్లు ఆగరు. అలాగే పెద్దింటి అశోక్ కుమార్ గారి ‘జిగిరి’ని సిరిసిల్ల వైపువాళ్లూ, నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’ను చిత్తూరు వైపువాళ్లూ, ఖదీర్ బాబుగారి ‘దర్గామిట్ట కతలు’ను నెల్లూరువాళ్లూ పరిచయం చేస్తే, ఆ యాస మీద ప్రేమతో చేస్తారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’ సినిమాగా వచ్చాక, పుస్తకం కోసం కొందరు పిల్లలు గ్రంథాలయానికి వచ్చారని నా తరువాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి చెప్పింది. కరువుకు గొర్రెలను నల్లమల కొండకు తోలుకుపోయే ఆ కథను కడప గొర్రెలకాపరి కుటుంబంలోని పాఠకుడు ఒకరు మనకు చెబితే ఎంత బాగుంటుంది!

ఆచరణకు సంబంధించి రెండు మూడు మాటలు. ఉత్తరం నూటయాభై మాటలకు మించకూడదని నియమం పెట్టండి. నాలాంటివాళ్ల పొడుగు ఉత్తరాలు వద్దు. సొంత పుస్తకాన్నీ, బంధువుల పుస్తకాన్నీ పరిచయం చేసేవాళ్లను మొహమాటం లేకుండా పక్కన పెట్టండి; శీర్షిక పాడయ్యేది అక్కడే. పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉందో లేదో, లేకపోతే రాసిన పాఠకుడు దాన్ని ఏ గ్రంథాలయంలో చదివాడో తప్పనిసరిగా రాయించండి. ఇది మీరు అనుకునేకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకే పుస్తకం అచ్చులో లేదని నలుగురు పాఠకులు నాలుగు జిల్లాలనుంచి రాస్తే, దాన్ని మళ్లీ వేయవచ్చని ఏదో ఒక ప్రచురణకర్తకు ధైర్యం వస్తుంది. గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసేవారికి కూడా పాఠకులు నిజంగా ఏమి అడుగుతున్నారో తెలుస్తుంది. నా ఉద్యోగకాలంలో మాకు వచ్చిన కొత్త పుస్తకాల కట్టల్లో, మా సభ్యులు అడిగినవి ఎన్ని ఉన్నాయని నేను ఏటా చూసుకునేదాన్ని. ఆ లెక్క నాకు ఎప్పుడూ సంతోషం ఇవ్వలేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న జనానికి తమకు కావలసిన పుస్తకం పేరు పైకి చెప్పే చోటు ఒకటి ఉండాలి.

పిల్లల పుస్తకాలకు నెలకు ఒక వారం కేటాయించమని కూడా కోరుతున్నాను. నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’, ‘కాంచనద్వీపం’ చదివిన తరానికి ఇప్పుడు మనవలు ఉన్నారు. ఆ తాతలూ అమ్మమ్మలూ రాయాలి. మాస్కోనుంచి వచ్చిన బొమ్మల పుస్తకాలను దాచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లూ రాయాలి.

చివరగా నా సొంత అవసరం ఒకటి ఉంది. ఇన్నేళ్లలో నాకు గుమ్మం దొరకని రచయిత బుచ్చిబాబుగారు. ‘చివరకు మిగిలేది’ని నేను ఎంతో ఇష్టంగా చదివాను. తల్లి మీద పడిన నింద నీడలో దయానిధి తనకు తాను సమాధానం చెప్పుకోవడానికి పడే తపన నన్ను చాలా కాలం వదలలేదు. కానీ నేను ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది సగంలో తిరిగి ఇచ్చేశారు. ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ అనే కథను ముందు ఇచ్చి చూశాను. కొందరికి ఆ కథ నచ్చింది. అక్కడే ఆగిపోయారు, నవల దాకా రాలేదు. ఎటువంటి పాఠకుడికి, ఏ వయసులో, ఆయన ఏ కథ తరువాత ఆ నవల ఇవ్వాలో మీ పాఠకుల్లో ఎవరికైనా అనుభవం మీద తెలిసి ఉంటే దయచేసి రాయమనండి. పక్కవీధిలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి వేసవి సెలవుల్లో నా దగ్గరికి వచ్చి పుస్తకాలు తీసుకెళుతోంది. పోయిన వారం ‘ఏకవీర’ పూర్తి చేసింది. ఆ అమ్మాయి కోసం అడుగుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు,
తెనాలి.